ఆకలి, గూడు, మరణం: తెలుగు సాహిత్యంలో పెద్ద గద్దలు – దివిసీమ సముద్రపు గద్ద

వ్యాససంగ్రహం:

తెలుగు కావ్యపురాణాల్లో వేటపక్షులకు విశేషస్థానం ఉంది. గరుత్మంతుడు, జటాయువు, సంపాతి, శిబికథలోని డేగ అందుకు ఉదాహరణలు. అయితే కాలక్రమంలో ఈ పక్షులు పూజకో, తిట్టుకో, పోలికకో పరిమితమై, జీవించే ప్రాణులుగా సాహిత్యదృష్టి నుంచి తొలగిపోయాయి. ఒక సాహిత్యపాఠంలో వేటపక్షికి ఆకలి, గూడు, మరణం ఉన్నాయా అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం ప్రమాణాలుగా ప్రతిపాదిస్తుంది. వాటి ఆధారంగా ప్రాచీన కథలను పరిశీలించి, కృష్ణా ముఖద్వారంలోని మడ అడవులను ఆశ్రయించిన తెల్లపొట్ట సముద్రపు గద్ద స్థితికి ఆ పఠనాన్ని అన్వయిస్తుంది. తీరవాసుల బతుకును లెక్కలోకి తీసుకోని పర్యావరణ విమర్శ అసంపూర్ణమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: గరుడోపాఖ్యానం, శిబికథ, జటాయువు, ఆముక్తమాల్యద, పర్యావరణ విమర్శ, సముద్రపు గద్ద, మడ అడవులు, దివిసీమ.

1. ప్రవేశిక:

తెలుగునాట గద్ద తెలియనివారు లేరు. కోడిపిల్లను తన్నుకుపోయే గద్ద పల్లెజీవితంలో భాగం. చూపు పదునుగా ఉంటే డేగచూపు అంటారు. ముక్కు వంపు తిరిగితే గద్దముక్కు అంటారు. ఎర్రని ఒళ్ళు, తెల్లని తల ఉన్న పక్షి ఆకాశంలో కనిపిస్తే గరుడదర్శనమని చేతులు జోడిస్తారు. పరుల సొమ్ము కాజేసేవారిని రాబందులంటారు. ఈ వాడుకలన్నీ సజీవంగానే ఉన్నాయి. ఆ పక్షుల పరిస్థితి మాత్రం అలా లేదు.

కృష్ణానది సముద్రంలో కలిసే దివిసీమ అంచుల్లో, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలకు దిగువన మడ అడవులున్నాయి. 194.81 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఈ ముఖద్వార ప్రాంతాన్ని ఆవరించి ఉంది. ఇటువంటి ముఖద్వారాలను ఆశ్రయించి బతికే పెద్ద వేటపక్షి తెల్లపొట్ట సముద్రపు గద్ద. రెక్కలు విప్పితే సుమారు 2 మీటర్ల వెడల్పు ఉంటుంది. తల, పొట్ట తెల్లగా, వీపు, రెక్కల పైభాగం బూడిదరంగులో ఉంటాయి. ఆడపక్షి మగపక్షి కంటే పెద్దది. ఇంత పెద్ద పక్షిని విడిగా గుర్తించే పదం తెలుగు సాహిత్యవ్యవహారంలో స్థిరపడలేదు. వ్యవహారం దాన్ని కూడా గద్ద అనే అంటుంది. 'తెల్లపొట్ట సముద్రపు గద్ద' అన్నది శాస్త్రనామానికి అనువాదం మాత్రమే. హాలియేటస్ ల్యూకోగాస్టర్ అనే ఆ పేరులో మొదటి మాటకు సముద్రపు గద్ద అని, రెండో మాటకు తెల్లపొట్ట కలది అని అర్థం.

గరుత్మంతుణ్ణి ఇంతగా కొలిచిన భాషలో సముద్రతీరపు గద్దకు చోటు ఎందుకు దొరకలేదన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

2. పరిశీలన పద్ధతి:

తెలుగులో పర్యావరణ దృష్టితో వచ్చే సాహిత్యపరిశీలనల్లో తరచుగా కనిపించే పద్ధతి ఒకటుంది. ఒక కావ్యంలోని చెట్లను, పక్షులను, రుతువర్ణనలను ఏరి, వాటి పట్టిక ఇచ్చి, కవికి ప్రకృతిప్రేమ ఉందని తేల్చడం. ఈ పద్ధతి సమాచారం ఇస్తుంది. కానీ కావ్యంలో పక్షి పేరు ఉండటానికి, పక్షి ఉండటానికి మధ్య ఉన్న తేడాను పట్టుకోలేదు. గరుడధ్వజం, గరుడవాహనం, గరుడపచ్చ అన్న మాటలు వందసార్లు వచ్చినా ఆ కావ్యంలో పక్షి ఉన్నట్లు కాదు.

అందువల్ల ఇక్కడ మూడు ప్రశ్నలు ప్రమాణాలుగా తీసుకోవడం జరిగింది. పాఠంలోని పక్షికి ఆకలి ఉందా? గూడు గానీ, కనీసం వాలడానికి ఒక చెట్టు గానీ ఉందా? దానికి మరణం ఉందా, ఆ మరణం ఎవరికైనా పట్టిందా? ఈ మూడూ ఏ ప్రాణి జీవితానికైనా కనీసపు ఆధారాలు. పెద్ద గద్దల విషయంలో ఇవే సంరక్షణకూ కీలకాలు. అవి ఆహారశృంఖల పైమెట్టున ఉంటాయి గనుక వాటి ఆకలి తీరాలంటే కింది మెట్లన్నీ నిలవాలి. బరువైన గూడు కడతాయి గనుక దాన్ని మోయగల చెట్టు కావాలి. పిల్లల సంఖ్య తక్కువ గనుక ఎదిగిన ఒక్క పక్షి మరణం కూడా ఆ ప్రాంతంలో లోటవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పురాణకథల్లో ఆధునిక జీవశాస్త్రం ముందే ఉందన్నది ఈ వ్యాస ప్రతిపాదన కాదు. కథకు తన అవసరాలు తనకున్నాయి. ఆ కథను చెప్పిన సమాజం పక్షిని ఎంత దగ్గరగా చూసిందో కథానిర్మాణంలో తెలుస్తుందన్నంతవరకే ఈ పరిశీలన పరిమితం.

3. నన్నయ గరుడోపాఖ్యానం – రెండు గుడ్లు, ఒక కొమ్మ:

ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని గరుడోపాఖ్యానం తల్లి దాస్యవిముక్తికి కొడుకు చేసిన ప్రయత్నంగా ప్రసిద్ధం. అమృతాపహరణమే దానికి పతాకసన్నివేశం. అయితే అమృతం వరకూ వచ్చేలోగా కథ పక్షిజీవితానికి సంబంధించిన అనేక ఘట్టాల మీద నిలుస్తుంది.

మొదటిది గుడ్లు. కద్రువకు వేయిమంది కొడుకులు. వినతకు రెండే గుడ్లు. సవతి సంతానాన్ని చూసి ఆగలేక వినత ఒక గుడ్డును ముందే చిదుపుతుంది. అందులోంచి సగం దేహమే ఏర్పడిన అనూరుడు పుడతాడు. రెండో గుడ్డు కోసం ఆమె మరో 500 ఏళ్ళు వేచి ఉండవలసివస్తుంది. పాముకు సంతానం ఎక్కువ, పెద్ద పక్షికి తక్కువ అన్న వ్యత్యాసం మీదే కథ నడుస్తుంది. తొందరపాటు వల్ల కలిగిన నష్టం తిరిగి పూడదు. సముద్రపు గద్ద కూడా సాధారణంగా 2 గుడ్లే పెడుతుంది. వాటిని సుమారు 6 వారాలు పొదుగుతుంది. పిల్ల ఎగరడానికి మరో 70 నుంచి 80 రోజులు పడుతుంది. రెండు గుడ్లు పొదిగినా చివరికి ఒక్క పిల్లే ఎదగడం అరుదు కాదు. ఆ పిల్లకు పెద్దపక్షి రంగులు రావడానికే నాలుగైదేళ్ళు కావాలి. ఉష్ణమండల అరణ్యాల్లోని మహాగద్దల్లో ఈ నిదానం మరింత ఎక్కువ. దక్షిణ అమెరికా అడవుల హార్పీ గద్ద 2 గుడ్లు పెట్టినా ఒక్క పిల్లనే పెంచుతుంది. ఫిలిప్పీన్స్ గద్ద ఒక్క గుడ్డే పెడుతుంది, ఆ పిల్ల పెంపకంతో దాదాపు రెండేళ్ళు గడుస్తాయి.

రెండోది ఆకలి. గరుడుడికి ఆకలి వేస్తుంది. ఆ ఆకలి కథలో దాచవలసిన విషయం కాదు. అతడు తల్లిని అడుగుతాడు, తండ్రిని అడుగుతాడు. కశ్యపుడు చూపిన గజకచ్ఛపాలను రెండు కాళ్ళతో పట్టి ఎగురుతాడు. తినడానికి తగిన చోటు వెతుక్కుంటాడు. వేటను కాళ్ళతో పట్టడం, దాన్ని ఎత్తైన చోటికి మోసుకుపోయి తినడం వేటపక్షుల నడవడిని చూసినవారు చేసిన కల్పన.

మూడోది చెట్టు. గరుడుడు వాలిన మహావృక్షం కొమ్మ విరుగుతుంది. ఆ కొమ్మను పట్టుకుని వాలఖిల్యులు తపస్సు చేస్తున్నారు. కొమ్మ నేలమీద పడితే వారికి హాని. అందుకని గరుడుడు వేటను కాళ్ళతోనూ కొమ్మను ముక్కుతోనూ పట్టుకుని దించే చోటు కోసం తిరుగుతాడు. చివరికి మనుషులు లేని కొండ మీద దాన్ని వదులుతాడు. ఈ ఘట్టాన్ని గరుడుడి బలానికి నిదర్శనంగా వ్యాఖ్యానించడం పరిపాటి. మూడు ప్రమాణాల దృష్టితో చూస్తే మరో అర్థం కూడా తోస్తుంది. ప్రపంచంలో అంతటి పక్షి వాలడానికి తగిన కొమ్మ దొరకలేదు. కొమ్మ విరిగితే ప్రమాదం పక్షి ఒక్కదానికే కాదు, అదే కొమ్మను ఆశ్రయించిన చిన్న ప్రాణాలన్నిటికీ. వాలఖిల్యులు బొటనవేలంత ఉండటం ఇక్కడ గమనించదగిన విశేషం. మహాకాయుడికీ అత్యల్పకాయులకూ ఒకే చెట్టు ఆధారం.

ఆకలి, ఆశ్రయం అనే రెండు ప్రమాణాలను నన్నయ కథ తీరుస్తుంది. మరణం గరుడుడికి లేదు. అతడు అమృతాన్ని తెచ్చినవాడు, దాన్ని తాగకుండానే అమరత్వాన్ని పొందినవాడు. పక్షి దేవత కావడం ఆ బిందువు దగ్గరే మొదలవుతుంది.

4. శిబికథ – వాదించిన డేగ:

అరణ్యపర్వంలోని శిబిచక్రవర్తి కథ త్యాగానికి పర్యాయపదమైంది. కథ చెప్పుకునేటప్పుడు పావురం భయం, రాజు శరీరాన్ని కోసి తూచడం గుర్తుంటాయి. డేగ తన వాదాన్ని వినిపించిందన్న సంగతి మరుగునపడింది.

భారతకథలోని డేగ క్రూరజంతువుగా రాదు. అది న్యాయం అడగడానికి వస్తుంది. పావురం తనకు ప్రకృతి విధించిన ఆహారమని, దాన్ని దూరం చేస్తే తాను చనిపోతానని, తనను నమ్ముకున్న ఆలుబిడ్డలూ చనిపోతారని చెబుతుంది. ఒక ధర్మాన్ని నిలపడానికి మరో ధర్మాన్ని దెబ్బతీయడం ధర్మం కాదని రాజుతో వాదిస్తుంది. ఈ వాదానికి శిబి దగ్గర తోసిపుచ్చే సమాధానం లేదు. లేదు గనుకనే పరిహారంగా తన మాంసం ఇవ్వవలసివచ్చింది. త్రాసు తెచ్చి తూచడమంటేనే డేగ ఆకలికి హక్కు ఉందని రాజు అంగీకరించడం.

ఆ డేగ ఇంద్రుడని చివర తెలిసేసరికి పాఠకుడు ఆ వాదాన్ని పరీక్షలో భాగంగా భావించి వదిలేస్తాడు. అక్కడే కథ ఆదర్శకథగా మారి, పక్షి వాదం పోతుంది. వేటపక్షిని ఆశ్రితుణ్ణి వెంటాడే శత్రువుగా మాత్రమే చూసే దృష్టి తరువాతి పునఃకథనాల్లో బలపడింది. వేటాడే ప్రాణికి కూడా జీవించే ధర్మం ఉందన్న ఆలోచన ఆధునిక సంరక్షణ చట్టాలతోనే మొదలైందనుకోవడం పొరపాటు. తెలుగు భారతంలో అది స్పష్టమైన వాదంగా నిలిచింది.

5. జటాయువు, సంపాతి – తిట్టుగా మారిన పేరు:

మూడో ప్రమాణమైన మరణం రామాయణంలో నెరవేరింది. జటాయువు గృధ్రరాజు, అంటే రాబందు. సీతను రక్షించబోయి రెక్కలు తెగి నేలకొరిగితే రాముడు దహనసంస్కారాలు చేస్తాడు. తండ్రికి దక్కనిది ఒక పక్షికి దక్కింది. సోదరుణ్ణి ఎండ నుంచి కాపాడబోయి రెక్కలు కాల్చుకున్న సంపాతి, కదలలేని స్థితిలో కూడా సముద్రతీరం నుంచి లంకలోని సీతను చూడగలుగుతాడు. రాబందుల దూరదృష్టిని కథ అలా వాడుకుంది. రంగనాథ రామాయణం నుంచి కృష్ణాజిల్లా నందమూరులో పుట్టి బందరులో చెళ్ళపిళ్ళ శిష్యరికం చేసిన విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షం వరకు జటాయువు కథను తెలుగు కవులు చెబుతూనే వచ్చారు.

అదే భాషలో ఆధునిక వ్యవహారం రాబందును దోపిడీకి గుర్తుగా స్థిరపరచింది. వడ్డీవ్యాపారి, దళారి, అవినీతిపరుడు రాబందులయ్యారు. జీవశాస్త్రదృష్టితో ఈ పోలిక తలకిందులైంది. రాబందు బతికున్న ప్రాణిని పీడించదు. కళేబరాన్ని తొలగించి ఊరికి మేలు చేస్తుంది. పశువైద్యంలో వాడిన డైక్లోఫెనాక్ మందు అవశేషాలున్న కళేబరాలను తిని, మూత్రపిండాలు దెబ్బతిని భారతదేశంలో రాబందులు కుప్పలుగా చనిపోయాయి. 2004లో ఈ కారణం శాస్త్రీయంగా నిర్ధారణైంది. 2006లో ఆ మందు పశువైద్య వినియోగాన్ని దేశం నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా పడిపోయింది. తెలంగాణలో బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనబడటం వార్త అయ్యేంత అరుదైన స్థితి ఏర్పడింది.

ఆకాశంలో రాబందులు మాయమవుతున్న ఆ ఏళ్ళలో కవిత్వంలో, పత్రికాశీర్షికల్లో రాబందు అనే మాట మాత్రం తగ్గలేదు. పక్షి పోయింది, తిట్టు మిగిలింది. ఒక జీవి చనిపోతున్న సంగతిని దాని పేరును నిత్యం వాడే భాష గమనించకపోవడం సాహిత్యవిమర్శ పట్టించుకోవలసిన విషయం. జటాయువు మరణానికి కన్నీరు పెట్టించిన సంప్రదాయంలో ఇది జరగడం మరింత ఆలోచించదగినది.

6. శ్రీకాకుళంలో కల, ఆముక్తమాల్యదలో పక్షులు:

దివిసీమకు చేరువలో, కృష్ణాతీరాన ఉన్న శ్రీకాకుళం తెలుగు సాహిత్యచరిత్రలో ప్రత్యేకమైనది. కళింగ దండయాత్ర సందర్భంలో అక్కడ ఆగిన శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రచనకు ఆదేశించాడని కావ్యావతారిక చెబుతుంది. విష్ణుపరివారాన్ని స్తుతించే వరుసలో గరుత్మంతుడికీ ఆ కావ్యంలో స్తుతి దక్కింది. ఆ గరుడుడు విశ్వాన్ని కదిలించే శక్తి. అతడికి ఆకలి లేదు, గూడు లేదు.

ఆ కవికి పక్షులను చూసే కన్ను లేదనడానికి వీల్లేదు. విల్లిపుత్తూరు వర్ణనలో తెల్లవారుజామున కాలువల్లో తలలు రెక్కల్లో దాచుకుని నిద్రించే బాతులను బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టల ముద్దలుగా తలారులు పొరబడటం, వాళ్ళు దగ్గరకు రాగానే అవి పరుగెత్తడం, వరిచేను కాపలా పిల్లలు నవ్వడం తెలుగు కవిత్వంలోని అతిసునిశిత పక్షిచిత్రాల్లో ఒకటి. బాతులు నిద్రించే భంగిమ, చోటు, వేళ, బెదురు అన్నీ అందులో ఉన్నాయి. ఒకే కవి నీటిపక్షిని కాలువలో చూశాడు, వేటపక్షిని వైకుంఠంలో చూశాడు.

ఈ విభజన రాయలతో ఆగలేదు. పోతన గజేంద్రమోక్షంలో విష్ణువు తొందరలో వాహనాన్ని సిద్ధం చేయమనడం కూడా మరచి బయలుదేరతాడు. అక్కడ గరుడుడు ఎక్కడానికి ఉన్నవాడు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో కృష్ణుడు సత్యభామతో కలిసి గరుడుడి మీద స్వర్గానికి వెళతాడు. అక్కడా వాహనమే. ఆధునిక కవిత్వం చిన్నపక్షులకు చేరువైంది. జాషువ గిజిగాడి మీద రాశాడు. విశ్వనాథ కోకిలమ్మకు పెళ్ళి చేశాడు. పెద్ద గద్ద మాత్రం పురాణంలోనే ఉండిపోయింది. గూడు అల్లే పక్షి, పాడే పక్షి మనిషికి ఇష్టమైనంత సులువుగా, చంపి తినే పక్షి ఇష్టం కాదు. దాన్ని భరించాలంటే దేవుణ్ణి చేయాలి, లేదా ద్వేషించాలి. తెలుగు సాహిత్యం రెండూ చేసింది.

7. పేరు, సంరక్షణ:

పేర్ల విషయంలో బందరుకు కూడా ఒక చరిత్ర ఉంది. మచిలీపట్నంలో ఉద్యోగం చేసిన సి.పి.బ్రౌన్ 1852లో వెలువరించిన నిఘంటువు వ్యావహారికపదాలకు చోటిచ్చింది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1862–64 మధ్య ప్రచురించిన భారతదేశ పక్షుల గ్రంథంలో అనేక పక్షుల తెలుగు పేర్లను నమోదు చేశాడు. పక్షులను తేడా తెలిసి పిలిచిన జనం ఉన్నారనడానికి ఆ నమోదులే సాక్ష్యం. ఆ పేర్లు ఇంగ్లీషు గ్రంథంలో ఉండిపోయాయి. తెలుగు కవిసమయాల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. కాబట్టి లోపం ప్రజల భాషది కాదు, ఆ భాషను ఏరుకోని సాహిత్యవ్యవహారానిది.

పేరు మారితే పక్షి భవితవ్యం మారుతుందా అన్న సందేహానికి ఫిలిప్పీన్స్ అనుభవం కొంత సమాధానం ఇస్తుంది. అక్కడి మహాగద్దను పూర్వం 'కోతులను తినే గద్ద' అనేవారు. 1978లో ప్రభుత్వం దాని పేరును 'ఫిలిప్పీన్స్ గద్ద'గా మార్చింది. 1995లో దాన్ని జాతీయపక్షిగా ప్రకటించింది. హింసను సూచించే పేరు పోయి, దేశం తనదిగా చెప్పుకునే పేరు వచ్చింది. అయినా అడవులు తరిగిపోవడం వల్ల ఆ పక్షి ఇప్పటికీ తీవ్రప్రమాదంలోనే ఉంది. సుమారు 400 జంటలే మిగిలాయని అంచనా. పేరు ఒక్కటే గూడును నిలపలేదు. కానీ పేరు లేని పక్షి గూటి కోసం మాట్లాడేవారు దొరకరు.

పూజ విషయం కూడా ఇటువంటిదే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, అనంతపురం ప్రాంతపు వీరాపురంలో వలసపక్షుల రాకను ఊరికి శుభంగా భావించి ప్రజలు కాపాడుకున్నారు. అక్కడ గౌరవం ఒక ప్రత్యేకమైన పక్షికి, అది గూడు కట్టిన చెట్టుకు చెందింది. గరుడపూజ అలాంటిది కాదు. అది ధ్వజస్తంభం దగ్గర మొదలై గోపురం దగ్గర ముగుస్తుంది. ఊరిచివరి చెట్టు మీది గూటిదాకా రాదు.

8. దివిసీమలో మూడు ప్రమాణాలు:

సముద్రపు గద్ద ఆకలి తీర్చేవి చేపలు, సముద్రపాములు, నీటిపక్షులు, గబ్బిలాలు. ఇవన్నీ దొరకడానికి ముఖద్వారంలో ఉప్పునీరు, మంచినీరు కలవాలి. మడ, తిల్ల చెట్ల వేళ్ళ మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరగాలి. దివిసీమ నుంచి బందరు వరకు రొయ్యల చెరువులు విస్తరించడంతో తీరస్వరూపం మారింది. గుడివాడ వైపు పంటచేలలో వాడిన పురుగుమందులు కాలువల ద్వారా దిగువకు చేరే వ్యవస్థ డెల్టాలో సహజంగానే ఉంది. ఆహారశృంఖల పైమెట్టున ఉన్న ప్రాణిలో విషాలు పోగుపడతాయన్న సంగతిని దీనికి దగ్గరి బంధువైన అమెరికా బట్టతల గద్ద చరిత్ర చూపింది. డీడీటీ వల్ల గుడ్డుపెంకులు పలచబడి ఆ పక్షి అంతరించే దశకు వచ్చింది. 1972లో అక్కడ డీడీటీని నిషేధించాక క్రమంగా కోలుకుని, 2007లో ప్రమాదజాబితా నుంచి బయటపడింది.

ఇక గూడు. ఈ గద్దల జంట పుల్లలతో పెద్ద గూడు కడుతుంది. ఏటా దాన్నే బాగుచేసుకుని వాడుతుంది. గూడు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. మడచెట్లు చాలావరకు పొట్టివి. నీటికి దగ్గరగా, చుట్టూ చూడటానికి వీలుగా ఉన్న ఎత్తైన పాతచెట్టు కావాలి. తీరమంతా కనిపించే సరుగుడు తోటలు అమ్మకానికి వేసినవి. కొన్నేళ్ళకే నరికేస్తారు. రావి, మర్రి వంటి పాతచెట్లు గట్ల వెడల్పుకు, రోడ్లకు పోతుంటాయి. నన్నయ కథలో విరిగిన కొమ్మ ఇక్కడ రూపకం కాదు.

చివరిది మరణం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు ఈ పక్షికి రక్షణ ఇచ్చింది. ప్రపంచస్థాయిలో ఇది ఇంకా ప్రమాదజాబితాలోకి ఎక్కలేదు, అయితే సంఖ్య తగ్గుతున్నదని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి గుర్తించింది. ఒక చెట్టు నరికినప్పుడు ఆ ఏటి పిల్లతోపాటు ఆ జంట స్థావరమూ పోతుంది. ఆ నష్టం ఏ లెక్కలోకీ ఎక్కదు. దాన్ని చెప్పడానికి స్థానికభాషలో కథ లేదు.

9. నిషాదుల ప్రశ్న:

ఈ పఠనం ఇక్కడితో ఆగితే అసంపూర్ణం. గరుడోపాఖ్యానంలో విమర్శకులు త్వరగా దాటిపోయే ఘట్టం ఒకటుంది. ఆకలిగొన్న గరుడుడికి వినత మొదట చూపిన ఆహారం సముద్రతీరాన నివసించే నిషాదులు. వారిని తినమని, వారిలో ఉన్న బ్రాహ్మణుణ్ణి మాత్రం వదలమని చెబుతుంది. గొంతులో మంట పుట్టించిన బ్రాహ్మణుడు తన నిషాదభార్యతో సహా బయటపడతాడు. మిగిలినవారి గురించి కథ బాధపడదు. వాలఖిల్యుల కొమ్మను అంత జాగ్రత్తగా మోసిన పక్షి తీరవాసుల ఊరిని మింగింది.

గుడివాడ సమీపంలోని అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి సూతపురాణం, శంబుకవధ రచనలతో పురాణాలను ఓడినవారి పక్షం నుంచి ప్రశ్నించే దారి వేశాడు. ఆ దారిలో ఈ ఘట్టాన్ని చదివితే నేటి సంరక్షణకు అవసరమైన హెచ్చరిక దొరుకుతుంది. కృష్ణా ముఖద్వారంలో చేపలు పట్టే పల్లెకారులు, మడల్లో పీతలు పట్టే యానాదులు ఆ అడవి మీద ఆధారపడి బతుకుతున్నారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది చనిపోయినప్పుడు ఆ తీరగ్రామాలే ముందు మునిగాయి. అభయారణ్యం పేరుతో వలను, పడవను నేరంగా చూసి, పెద్ద మార్పులను అభివృద్ధిగా అంగీకరిస్తే నిషాదులను మళ్ళీ ఆహారం చేసినట్లే. పక్షిని కాపాడటానికి పేదవాడి బతుకును పరిహారంగా ఇవ్వడం శిబి చేసింది కాదు. శిబి తన శరీరాన్నే త్రాసులో పెట్టాడు. ఇతరుల మాంసాన్ని కాదు.

అంతేగాక గద్ద ఎక్కడ వాలుతుంది, ఏ నెలలో గూడు కడుతుంది, ఏ చేపను ఎత్తుకుపోతుంది అన్న పరిజ్ఞానం ఉండేది నీటి మీద రోజూ తిరిగేవారికే. వారిని దూరం పెట్టే సంరక్షణ తన సాక్షులను తానే పోగొట్టుకుంటుంది.

ముగింపు:

- తెలుగు సాహిత్యంలో వేటపక్షి పేరు రావడమే ప్రకృతిస్పృహకు నిదర్శనం కాదు. ఆకలి, గూడు, మరణం అనే ప్రమాణాలతో పరిశీలిస్తే పక్షి ఉన్న పాఠాలకూ పక్షిచిహ్నం మాత్రమే ఉన్న పాఠాలకూ తేడా తెలుస్తుంది.
- నన్నయ గరుడోపాఖ్యానం, శిబికథ, జటాయువు వృత్తాంతం ఈ ప్రమాణాలను వేరువేరుగా తీరుస్తాయి. వాహనంగా, తిట్టుగా వాడిన తరువాతి వ్యవహారంలో అవి లోపించాయి. అంటే సంప్రదాయంలో వనరు ఉంది, దాన్ని చదివే పద్ధతి మరుగునపడింది.
- శిబికథను బోధించేటప్పుడు డేగ వాదాన్ని, గరుడకథను బోధించేటప్పుడు కొమ్మను, నిషాదులను వదలకుండా చెప్పడం తెలుగు అధ్యాపకుల చేతిలో ఉన్న పని. దానికి కొత్త పాఠ్యప్రణాళిక అక్కర్లేదు.
- కృష్ణా ముఖద్వారపు పల్లెకారుల, యానాదుల నోట ఉన్న పక్షినామాలను, వాటి చుట్టూ ఉన్న మాటలను సేకరించడం తెలుగు పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని. అనువాదనామానికి బదులు ఆ తీరంలో పలికే పేరు సాహిత్యంలోకి రావాలి.
- గరుడుడికి కొండంత కొమ్మ కూడా ఆగలేదని చెప్పిన భాష, దివిసీమలో మిగిలిన పాతచెట్టు ఎవరి ఇల్లో కూడా చెప్పగలగాలి.